తినకుంటే మానె తమ్మీ, ముందు గది ఎంత కాగుతున్నదో చూడు

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అడిగిండు: చిన్న బాల్ పైథాన్‌ను (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువను) తెచ్చి నాలుగు రోజులైందట, డబ్బా మూలకు ముడుచుకుని ఉంటున్నదట, రోజూ ఎలుక పెట్టినా ముట్టుకుంటలేదట. జబ్బు చేసిందా అని.

జబ్బేం లేదు. రోజూ ఎలుక పెట్టుడే తప్పు. కొత్త చోటికి వచ్చిన పాముకు మొదటి వారం తిండి పెట్టొద్దు, చేత పట్టొద్దు. నీళ్లు మార్చు, రెట్ట తియ్యి, మూతేసి పక్కకు జరుగు. ఆఫ్రికాలో ఈ పాములు పగలంతా ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో దాగి ఉంటయి. మూలకు ముడుచుకునుడు దానికి అలవాటే.

ఆ ముడుచుకునేది గూటిలో కావాలె. గూళ్లు రెండు: ఒకటి వెచ్చటి దిక్కు, ఒకటి చల్లటి దిక్కు. ఒక్కటే పెడితే పాము వేడిని వదులుకొని గూటినే పట్టుకొని ఉంటది, తిన్నది అరగదు. చుట్టుకుని పడుకుంటే ఒళ్లు గోడలకు ఆనేటంత ఇరుకు ఉండాలె. ఆన్‌లైన్‌లో పైసలు పోసి కొనే ప్లాస్టిక్ గుహల కన్నా కుమ్మరి దగ్గరి మట్టి ముంత నయం. అంచు ఒకచోట పగలగొట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది బోర్లించు. కండ్లు పాలు పట్టినట్టయి కుబుసానికి వచ్చినప్పుడు ముంతను తడిపి పెడితే తేమ నిలుస్తది. మొదటి నెల కింద కొబ్బరిపొట్టు వేయకు, తెల్ల టిష్యూ పేపర్ పరుచు. మిరియాల పొడి లాంటి నల్ల చుక్కలు కదిలితే పేలు పడ్డట్టు, తెల్లటి దాని మీదనే అవి కనిపిస్తయి.

ఇగ అసలు సంగతి. నువ్వు చూసే యూట్యూబ్ వీడియోలు చాలామటుకు చలి దేశాలవి. ముందు హీట్ ల్యాంప్ కొను అంటరు. వెచ్చటి దిక్కు 31-32 డిగ్రీలు, చల్లటి దిక్కు 26-27 ఉండాలనేది నిజమే. కానీ మన నల్లగొండలో మే నెల ఎండ 44కు పోతది. పై అంతస్తులో స్లాబు కింద గది రాత్రి పొద్దుపోయినా చల్లబడదు, మూతేసిన డబ్బా లోపల ఇంకా ఎక్కువ. 35 దాటి గంటలు గడిస్తే పాము ప్రాణానికే ముప్పు. ముక్కు మూతకు రుద్దుకుంట పాము తిరుగుతుంటే ఆడుతున్నదని రీల్స్ తీస్తరు. అది తప్పించుకునే దారి వెతుకుతున్నది. నీళ్ల గిన్నెలో గంటల కొద్దీ పడుకున్నా అంతే, వేడన్నా అయ్యుండాలె, పేలన్నా అయ్యుండాలె.

అందుకే ఎండాకాలం కింది అంతస్తులో, పడమటి ఎండ పడని గదిలో, డబ్బాను నేరుగా తాండూరు బండ మీద పెట్టు. కూలర్ గాలి సూటిగా తగలనియ్యకు. కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాలలో చుట్టి మూత మీద ఒక పక్కకు పెట్టు. హీట్ మ్యాట్‌తో (కరెంటుతో వేడెక్కే పలుచటి చాపతో) పని పడేది డిసెంబరు, జనవరి రాత్రుల్లో. అప్పుడు కూడా వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా పెట్టకు, కడుపు కింద కాలుతున్నా చాలాసార్లు పాము జరగదు. మ్యాట్‌ను డబ్బా బయట, అడుగున మూడో వంతు వరకే పరిచి, థర్మోస్టాట్ ప్రోబ్‌ను (వేడిని కొలిచే వైరు కొసను) మ్యాట్‌కూ డబ్బాకూ నడుమ టేపుతో అంటించు. ముల్లు తిరిగే గుండ్రటి మీటర్లను నమ్మకు. వైరున్న డిజిటల్ థర్మామీటర్లు రెండు తెచ్చుకో.

ఎనిమిదో రోజు చీకటి పడ్డంక తిండి. వంటింటి తూకం మీద పామును డబ్బాతో సహా తూచి, ఖాళీ డబ్బా బరువు తీసెయ్యి. 100 గ్రాములుంటే 10-15 గ్రాముల ఎలుక చాలు. ఫ్రీజర్‌లోది ఫ్రిజ్ కింది అరలో కరిగించి, కవర్‌లో పెట్టి వేడినీళ్లలో ఉంచు. మరిగే నీళ్లలో వేస్తే పొట్ట పగులుతది. పై పెదవి మీది గుంటలతో ఈ పాము వేడిని పసిగడతది, ఎలుక తల చల్లగా ఉంటే దిక్కు కూడా చూడదు. లైటు తీసి, పొడుగు చిమ్టాతో పట్టుకుని, గూడు వాకిట్లో కొద్దిగా కదిలించు. మెడ వంకర తిప్పి చూస్తుంటే ఆగు, ముక్కు మీదికి తోస్తే జడిసి లోపలికి పోతది. పట్టి చుట్టినంక నువ్వూ కదలకు. తినకుంటే అక్కడనే వదిలి, పొద్దుగాల పారేసి, మళ్లీ వారం ఆగు. బోనులో పడ్డ ఇంటి ఎలుక మాత్రం వద్దు, మందు తిన్నదో ఏమో. బతికున్నదైతే పామునే కొరుకుతది.

పక్కింటోళ్లు పాలు తెస్తరు, పొయ్యకు. చీమలొస్తున్నయని డబ్బా చుట్టూ మందు సుద్ద గీయకు, ఆ మందు పాముకూ విషమే. వినాయక చవితికి డీజే గోడ పక్కన మోగుతుంటే డబ్బాను అవతలి గదికి మార్చు, ఆ అదురు దాని పొట్టకు తగులుతది.

కాగితాల పని కూడా ఉన్నది. 2024 నిబంధనల ప్రకారం ఈ పామును తెచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలె. పొలంలో దొరికిన జెర్రిపోతును, మన కొండచిలువను పెంచుకుంటమంటే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

వరుసగా రెండుసార్లు తిన్నంకనే చేత పట్టు, అది కూడా తిన్న 48 గంటల తర్వాత, ఐదు నిమిషాలు. తల మీదికి చెయ్యి పోనియ్యకుండా పక్క నుంచి నడుము కింద ఎత్తు. బంతిలెక్క ముడుచుకుంటే గూటిలో వదిలెయ్యి. వారానికోసారి తూచు. పదో వంతు బరువు తగ్గినా, నోట్లో బుడగలొచ్చినా పాములు చూసే డాక్టర్ కోసం హైదరాబాద్ పోవాలె.