బరువు అరచేతుల మీదే ఉండాలి

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మోకాలి కింది ఎముకకు రాడ్డు వేశారనీ, ఆరు వారాలపాటు ఆ కాలు నేలకు ఆనించవద్దన్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. తొడ ఎముక విరిగి పదకొండు వారాలు ఊతకర్రల మీద తిరిగినవాడిని కనుక, ఆ శ్రమ ఎక్కడెక్కడ పడుతుందో నీకు ముందే తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చేసిన పెద్ద తప్పు కర్రల మీద చంకలతో వేలాడటం. అలసట వచ్చినప్పుడల్లా శరీరమంతా వాటి పైమెత్తల మీదికి వాల్చేసేవాడిని; చంకలు కమిలాయి, అయినా పట్టించుకోలేదు. తొమ్మిదో రోజు పొద్దున కాఫీ గ్లాసు అందుకోబోతే కుడి మణికట్టు పైకి లేవక చెయ్యి వాలిపోయింది. చంక దగ్గర చేతిలోకి దిగే నరం నలిగిందని ఫిజియోథెరపిస్టు చెప్పారు. మళ్లీ బాగుపడటానికి నెలన్నర పట్టింది.

అందుకని ముందు ఎత్తు సరిచూసుకో. రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడితే పైమెత్తకూ చంకకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. చేతులు కిందికి వదిలినప్పుడు పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. పిడి పట్టుకున్నాక మోచెయ్యి కొంచెం, ఇరవై ముప్పై డిగ్రీల మేర, వంగి ఉండాలి. మెత్తలను పక్కటెముకలకు నొక్కిపట్టి, బరువంతా అరచేతుల మీద వెయ్యి. అరచేతులు మండుతాయి కాబట్టి పిడులకు పాత తువ్వాలు గుడ్డ చుట్టు. చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కితే మాత్రం ఓర్చుకోకుండా ఫిజియోథెరపిస్టుకు చెప్పు.

ఒంటికాలి మీద ఇలా నడవడానికి మామూలు నడకకన్నా దాదాపు రెట్టింపు శక్తి కావాలి. హాలు నుంచి వంటగదిదాకా వెళ్లేసరికి ఆయాసం వస్తే అది నీ బలహీనత కాదు, నాన్నా. దారి మధ్యలో చేతులున్న కుర్చీ ఒకటి వేయించుకో, చేరేదాకా బిగబట్టకుండా కూర్చో. కూర్చుని ఉన్నప్పుడు కాలిని దిండు మీద ఎత్తుగా పెట్టుకో. అయితే, కూర్చున్నా తగ్గని ఆయాసమో, గుండెలో నొప్పో వచ్చినా, పిక్క వాచి నొప్పెట్టినా అది అలసట అనుకోవద్దు. రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు; దిగేటప్పుడు కర్రలూ దెబ్బ తగిలిన కాలూ ముందు. తొలిసారి వెనక ఒకరు లేనిదే ఎక్కవద్దు. స్నానాలగది తడి తుడిపించిన తరువాతే లోపలికి వెళ్లు, గుమ్మాల దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టాలు తీయించు. కర్రల అడుగున రబ్బరు బుష్షుల గీతలు అరిగితే ఆ రోజే మార్పించు, మందుల దుకాణంలో దొరుకుతాయి.

ఆదివారం పదిగంటల బస్సుకు వస్తున్నాను. కర్రలకుండే రెక్కనట్లు (చేత్తో తిప్పే రెక్కల మరలు) బిగించి ఎత్తు నేనే సరిచేస్తాను, అప్పటిదాకా మెట్ల జోలికి వెళ్లకు.

మీ పెదనాన్న