లేజర్ ఉండగా ఎల్ఈడీ ఎందుకు? అమ్మాయి పీహెచ్‌డీ టాపిక్ మీద ఒక నాన్నగారి డౌట్

ఒంగోలు నుంచి ఒక నాన్నగారు అడిగారు: "మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయిపోయింది, జేఆర్ఎఫ్ కూడా వచ్చింది, పీహెచ్‌డీలో చేరతానంటోంది. టాపిక్ ఏదో త్రీడీ ఫేజ్ మైక్రోస్కోపీలో లైట్ సోర్స్ కొహెరెన్స్ అంట. ఒక్క ముక్క అర్థం కాలేదు. దీని మీద ఐదేళ్లు పెట్టేకన్నా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పిస్తే మేలు కదా?"

సార్, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. జేఆర్ఎఫ్ అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్, నెలకి 37,000, రెండేళ్లయ్యాక సీనియర్ ఫెలో, అంటే ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000, హెచ్ఆర్ఏ వేరే, 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. కాబట్టి మీ మీద పెద్ద భారమేం పడదు.

ఇక టాపిక్. బతికున్న కణాన్ని మామూలు మైక్రోస్కోప్ కింద పెడితే దాదాపు ఏమీ కనపడదు, నీళ్లలో నీళ్లలా కలిసిపోయి ఉంటుంది. కానీ దాంట్లోంచి వచ్చే లైట్ కొంచెం లేటవుతుంది. కణం మందం 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), దాని రిఫ్రాక్టివ్ ఇండెక్స్, అంటే లైట్‌ని ఎంత నెమ్మది చేస్తుందనే లెక్క, 1.37, నీళ్లది 1.33 అనుకోండి, తేడా 0.04ని మందంతో గుణిస్తే 0.2 మైక్రాన్లు, అంటే ఎర్ర లైట్ వేవ్‌లెంగ్త్‌లో మూడో వంతు. ఈ లేటునే ఫేజ్ తేడా అంటారు, దాన్ని వెలుగునీడలుగా చూపించినందుకే డచ్ శాస్త్రవేత్త జెర్నికెకి 1953లో నోబెల్ ఇచ్చారు, కాకపోతే అందులో బొమ్మ కనపడుతుంది గానీ కొలత రాదు. ఆ కొలత కావాలి, అదీ త్రీడీలో, కణం లోపల ఎక్కడ ఇండెక్స్ ఎంతుందో తేలాలి, మీ అమ్మాయి చేరతానంటున్న ఫీల్డ్ అదే.

ఆ లేటు కొలవాలంటే లైట్‌ని రెండు దారుల్లో పంపి, ఒకటి కణంలోంచి, ఇంకోటి పక్కనుంచి, మళ్లీ కలపాలి, ఆ పరికరమే ఇంటర్‌ఫెరోమీటర్. దీనికి ఎవరికైనా ముందు తట్టేది లేజర్. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ల్యాబుల్లో వాడే హీలియం నియాన్ లేజర్ అలలు పదుల సెంటీమీటర్ల దాకా ఒకే లయలో వెళ్తాయి, ఈ లయ కలిసి ఉండటమే కొహెరెన్స్, దాంతో కవర్ గ్లాస్ పైనా కిందా తగిలి వెనక్కొచ్చిన లైటూ, లెన్స్ మీద దుమ్ము తగిలి చెదిరిన లైటూ అన్నీ ఒకదాంతో ఒకటి ఇంటర్ఫియర్ అయిపోయి ఫొటో నిండా రింగులూ స్పెకిల్ అనే గరుకు చుక్కలూ వస్తాయి, మనం వెతికే చిన్న సిగ్నల్ అందులో మునిగిపోతుంది. 20 నానోమీటర్ల బ్యాండ్‌విడ్త్ (వేవ్‌లెంగ్త్‌ల పరిధి) ఉన్న ఎర్ర ఎల్ఈడీ పెడితే ఆ లయ సుమారు 20 మైక్రాన్లకే తెగిపోతుంది, హాలోజన్ దీపానికైతే ఒక మైక్రాన్ అటూఇటూ. బ్యాక్‌గ్రౌండ్ శుభ్రం! కానీ ఇప్పుడు ఇంటర్‌ఫెరోమీటర్ రెండు దారుల పొడవులూ ఆ కొద్ది మైక్రాన్ల తేడా లోపలే సరిపోవాలి, రెండు కిరణాలనీ కొంచెం ఏటవాలుగా కలిపే ఆఫ్ యాక్సిస్ సెటప్ అయితే ఫ్రింజులు, అంటే ఇంటర్ఫియరెన్స్ చారలు, మధ్యలో కొంచెం మేరకే వస్తాయి.

ఇది టెంపొరల్, అంటే ఒకే అలలో ముందూ వెనకా లయ సంగతి, లైట్‌లో పక్కపక్క చోట్ల మధ్య లయని చెప్పే స్పేషియల్ కొహెరెన్స్ ఇంకోటుంది. దాన్ని తగ్గించడానికి, శాంపిల్ మీదికి లైట్ పంపే కండెన్సర్ బాగా తెరిచి రకరకాల కోణాల్లో లైట్ పంపితే రెజొల్యూషన్ పెరుగుతుంది, లోతులో పొరలు విడివిడిగా తెలుస్తాయి. బదులుగా కణం అంచు చుట్టూ హేలో, అంటే వెలుగు వలయం, వస్తుంది, పెద్ద వస్తువుల ఫేజ్ అసలుకన్నా తక్కువ చూపిస్తుంది, దాంతో కట్టిన డ్రై మాస్ (నీళ్లు పోను కణం బరువు) లెక్క కూడా తప్పుతుంది. అందుకే ఒక్క రూటే గెలిచిందని చెప్పలేం. చెదిరిన లైట్‌నుంచి త్రీడీ బొమ్మ కట్టడానికి 1969లో ఎమిల్ వోల్ఫ్ ఇచ్చిన థియరీతో లేజర్‌ని కోణాలు మార్చి కొట్టేవాళ్లున్నారు, అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ పొపెస్కు గ్రూప్ 2014లో తెల్ల లైట్‌తోనే ఫోకస్ పొరపొరగా జరుపుతూ త్రీడీ తీసింది, లేజర్ ముందు గరుకు గాజు బిళ్ళ తిప్పి స్పేషియల్ కొహెరెన్స్ మాత్రం తగ్గించే పద్ధతి మీద ఐఐటీ ఢిల్లీలోనూ పని జరిగింది. నాకైతే ఆ గాజు బిళ్ళ ఐడియా భలే ముచ్చటేస్తుంది.

ఉద్యోగం అంటారా, ఏ శాంపిల్‌కి ఏ లైట్ పెట్టాలో తెలిసిన మనిషి మెషీన్లు తయారుచేసే కంపెనీలకి కావాలి. కంటి ఆస్పత్రిలో రెటీనా చూసే ఓసీటీ స్కానర్ నడిచేది కావాలని తగ్గించిన కొహెరెన్స్ మీదే. చిప్‌ల ఇన్‌స్పెక్షన్‌లోనూ ఆప్టిక్స్ వాళ్ల అవసరం ఉంది, కేఎల్ఏకి చెన్నైలో, అప్లైడ్ మెటీరియల్స్‌కి బెంగళూరులో సెంటర్లున్నాయి. ఉన్నదున్నట్టు చెప్పాలంటే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఖాళీలు ఇందులో ఉండవు, ఒంగోలులో అసలే ఉండవు, పీహెచ్‌డీ తర్వాతి పోస్ట్‌డాక్ రీసెర్చ్‌కి బయటి దేశం వెళ్లాల్సి రావచ్చు. కానీ త్రీడీ రీకన్‌స్ట్రక్షన్ అంతా కోడింగే, పైథాన్ ఎలాగూ ఒంటబడుతుంది, తర్వాత సాఫ్ట్‌వేర్‌కి మారాలన్నా దారి ఉంటుంది. ఇప్పుడు కోర్సులో చేరిపోయి మూడేళ్లయ్యాక మళ్లీ ఆప్టిక్స్‌కి వస్తానంటే మాత్రం కష్టం.

నేను వద్దనేది రెండు సందర్భాల్లోనే. చీకటి గదిలో గంటలకొద్దీ అద్దాల స్క్రూలు తిప్పడం అమ్మాయికి చిరాకైతే వద్దు, ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌లో ఆ పని చేసిందేమో కనుక్కోండి. రెండోది ల్యాబ్ సంగతి, అక్కడ లేజర్ ఒక్కటే ఉందా లేక ఎల్ఈడీ, హాలోజన్ సెటప్‌లు కూడా ఉన్నాయా, కణాలు ఇచ్చే బయాలజీ వాళ్లు ఎవరైనా కలిసి పనిచేస్తున్నారా, ముందు బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు, ఇవన్నీ చేరకముందే గైడ్‌కి మెయిల్ పెట్టి అడగమనండి. లేజర్ ఒక్కటే ఉండి బయాలజీ వాళ్లు కూడా లేకపోతే ఇదే టాపిక్‌తో ఇంకో ల్యాబ్ చూసుకోమనండి, జేఆర్ఎఫ్ చేతిలో ఉంది కాబట్టి దాని గడువు దాటనంతవరకు తొందరేం లేదు.