రిమ్ముల మీద రంగు ఎందుకు పొక్కులు లేస్తోంది?

ప్రశ్న: మా పాత కారుకు స్టీల్ రిమ్ములు. తుప్పు పట్టాయని పోయినేడు వైర్ బ్రష్‌తో గీకి సిల్వర్ స్ప్రే కొట్టాను. నాలుగు నెలలు తిరక్కుండానే పొక్కులు లేచి పెచ్చులు ఊడుతున్నాయి. ఈసారైనా రంగు నిలవాలంటే ఏం చేయాలి? టైర్లు విప్పించాలా?

జవాబు: లోపం రంగులో ఉండకపోవచ్చండి. వైర్ బ్రష్ ఒక్కటే వాడితే తుప్పు పోయినట్టు కనిపిస్తుంది గానీ పోదు. పైపొర నునుపెక్కి గోధుమరంగులో మెరుస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో ఒక గుంటలో గీరి చూడండి, ఇంకా పొడి రాలుతుంది. మీ రంగు పట్టుకున్నది ఆ పొడినే.

ముందు బ్రేకు మసి, గ్రీజు పోయేదాకా సబ్బునీళ్లతో కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో తుడవండి. ఇది గీకడానికి ముందే జరగాలి, లేకపోతే జిడ్డును గీతల్లోకి రుద్దినట్టవుతుంది. తర్వాత 80 నంబరు గరుకు కాగితం, ఆపైన 180, చివర 320. గట్టిగా ఉన్న పాత రంగును తీయనక్కర్లేదు, దాని అంచు వేలికి తగలకుండా సాపు చేస్తే చాలు. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం) రాయండి. డ్రిల్లుకు బ్రష్ బిగిస్తే కళ్లద్దాలు తప్పనిసరి, తీగలు సూదుల్లా ఎగిరొస్తాయి.

టైరు ఆనే అంచున తుప్పు ఉన్నా, గాలి మెల్లగా దిగుతున్నా టైరు విప్పించండి. లేదంటే కాస్త గాలి తీసి, టైరుకూ రిమ్ముకూ మధ్య పాత పేకముక్కలు చుట్టూ దోపితే సరిపోతుంది. బోల్టు రంధ్రాల దగ్గర సన్నని పగులు కనిపిస్తే మాత్రం ఆ రిమ్ము మార్చేయండి, వెల్డింగ్ వద్దు.

ప్రైమర్ (రంగు కింద వేసే అడుగు పూత) రెండు పల్చటి పూతలు, రంగు మూడు. పూతకూ పూతకూ మధ్య పావుగంట. తేమ ఎక్కువున్న రోజు వద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. మొదటిసారి నేను నట్లు కూర్చునే గుంతల్లోనూ, హబ్‌కు (కారు వైపు చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే వెనకవైపూ దట్టంగా రంగు కొట్టాను. రెండు రోజులకే ముందు ఎడమ చక్రం నుంచి టకటకమని చప్పుడు. ఆపి చూస్తే మూడు నట్లు వేళ్లతోనే తిరిగాయి. నట్టు కింద రంగు నలిగి పల్చబడేసరికి బిగువు పోయింది. ఆ రోజు కారులో పిల్లలున్నారు. ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది. దయచేసి ఆ రెండు చోట్లా మాస్కింగ్ టేప్ అంటించండి.

స్టెప్నీ బిగించుకుని ఒక్కో చక్రమే తీసుకోండి, కారును జాకీ మీద వదిలేయొద్దు. రంగు వేశాక కనీసం ఒక రోజు ఆరనిచ్చి, నట్లను మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (ఎంత బలంతో బిగించాలో చెప్పే కొలతకు) బిగించండి. 100 కిలోమీటర్లలోపే ఆగి, అన్ని నట్లూ మళ్లీ ఒకసారి చూసుకోండి.