మాన్పించాల్సింది ఆ క్లాసు కాదమ్మా

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. డిగ్రీ అయ్యాక మా అబ్బాయిని అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేర్పించాం. ఫీజుకి నా గాజులు కుదువ పెట్టాం. అక్కడ శనివారాలు కోపం ఎలా ఆపుకోవాలి, అమ్మాయి వద్దంటే ఎలా ఊరుకోవాలి, ఇంట్లో ఎలా మాట్లాడాలి అని చెబుతున్నారట. మొన్న భోజనాల దగ్గర ‘అమ్మతో అలా మాట్లాడకండి నాన్నా’ అన్నాడు. ఆయన కంచం తోసేసి లేచిపోయారు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఉద్యోగానికి పనికిరాని ఆ క్లాసు మాన్పించి, మైత్రీవనం దగ్గరే ఇంకోచోట చేర్పించమంటారా?

జవాబు: వద్దు. పనికిరాదని ఎవరన్నారు? పదిమంది పనిచేసే ప్రతి ఆఫీసులోనూ లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013లోనే చట్టం వచ్చింది. పక్కసీటు అమ్మాయి వద్దంటే ఆగడం రానివాడికి ఏ కోర్సు వచ్చినా ఉద్యోగం నిలవదు. ఆ సంగతి అంతే.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కొడుకు అన్నది రాశారు, భర్త చేసింది రాశారు. అంతకుముందు ఆయన మిమ్మల్ని ఏమన్నారో ఒక్క ముక్క రాయలేదు. ఏళ్ల తరబడి వినీ వినీ మీకది తిట్టుగా తోచడం మానేసిందేమో. మీ కొడుక్కి తోచింది. మాటలతో అవమానించడాన్ని కూడా 2005 నాటి చట్టం గృహహింస కిందే లెక్కగట్టింది. కోర్టుకెక్కమని కాదు, దాన్ని చిన్న విషయమని సర్దుకోవద్దని చెబుతున్నాను. భర్త పరువు కాపాడటం భార్య ధర్మమే, నేనూ కాదనను. అందుకోసం మీ పరువు తాకట్టు పెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. గాజులైతే విడిపించుకోవచ్చు.

అబ్బాయిని క్షమాపణ అడగమనకండి. అన్నం ముందు ఆ మాట తీయకుండా ఉండాల్సిందని చెప్పండి, చాలు. ఆయనతో మాట్లాడాల్సింది మీరు. వాడు ఇంట్లో లేనప్పుడు, ఆయన స్థిమితంగా ఉన్నప్పుడు, ‘వాడన్న మాట నేను ఎప్పుడో అనాల్సింది. నన్ను అలా అనకండి, బాధగా ఉంటోంది’ అనండి. ఏడవకుండా చెప్పగలిగితే మంచిది, ఏడుపొచ్చినా ఫర్వాలేదు. ఆయన అరిస్తే అక్కడితో ఆపి, రెండు రోజులాగి మళ్లీ అదే మాట చెప్పండి. చెయ్యి చేసుకునే అలవాటుంటే ఒంటరిగా ఈ మాట ఎత్తొద్దు. ముందు మీ అన్నదమ్ములకు చెప్పండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఈ శనివారం అబ్బాయి తిరిగొచ్చాక టీ పెట్టిచ్చి, ఇవాళ ఏం చెప్పారో అడిగి వినండి.