పెర్త్ నుంచి లండన్‌కు ఎంత దూరం?

ప్రశ్న: ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు నేరుగా వెళ్లే విమానం ఎంత దూరం ప్రయాణిస్తుంది? రానూ పోనూ సమయాల్లో తేడా ఎందుకు?

జవాబు: భూగోళం వంపు వెంబడి కొలిస్తే ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం దాదాపు 14,500 కిలోమీటర్లు. 2018 మార్చిలో క్వాంటాస్ సంస్థ బోయింగ్ 787-9 విమానంతో ఈ సర్వీసును ప్రారంభించింది. లండన్ వెళ్లడానికి సుమారు 17 గంటలకు పైగా పడుతుంది. తిరుగు ప్రయాణం సాధారణంగా కొంత తక్కువ సమయంలోనే ముగుస్తుంది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఉద్ధృతంగా వీచే జెట్ స్ట్రీమ్ గాలులు లండన్ వైపు వెళ్లేటప్పుడు ఎదురై, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోడ్పడడమే ఇందుకు ముఖ్య కారణం.

టికెట్టుపై కనిపించే సమయాలను చూసి మాత్రం లెక్క కట్టకండి. బ్రిటన్‌లో చలికాలం ఉన్నప్పుడు పెర్త్‌లో సాయంత్రం 6.45కు బయలుదేరి పదిహేడున్నర గంటలు ప్రయాణిస్తే పెర్త్ గడియారంలో మర్నాడు మధ్యాహ్నం 12.15 అవుతుంది గానీ, లండన్ 8 గంటలు వెనుక ఉంటుంది గనుక దిగేసరికి అక్కడింకా తెల్లవారుజామున 4.15 మాత్రమే. బ్రిటన్‌లో వేసవి సమయం (గడియారాలను గంట ముందుకు జరిపే ఏర్పాటు) అమలులో ఉన్నప్పుడు ఈ తేడా 7 గంటలే.