‘శర శశి షట్క చంద్ర’: పద్యం ఒప్పా, పట్టిక ఒప్పా?

ప్రశ్న: మా తాతగారు కళ్లంలో ధాన్యం కొలిపిస్తూ, చదరంగపు 64 గళ్లలో గింజలను ఒకటి, రెండు, నాలుగుగా రెట్టించుకుంటూ పోతే ఎన్నవుతాయో చెప్పే ‘శర శశి షట్క చంద్ర’ పద్యం చదివేవారు. దాని ప్రకారం మొత్తం 18446744073709551615. కంప్యూటరు లెక్కల పట్టికలో వేస్తే 18446744073709600000 వచ్చింది. ఏది నమ్మాలి? పెద్దదనే తప్ప ఈ సంఖ్యకు వేరే విశేషమేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: పద్యాన్నే నమ్మండి. మొదటి గడిలో ఉన్నది ఒక్క గింజ, మిగిలిన గళ్లన్నిటిలోనూ సరి సంఖ్యలే; కనుక మొత్తం బేసి సంఖ్య కావాలి, సున్నాతో ముగియడానికి వీల్లేదు. మీ పట్టిక మొదటి 15 అంకెలను మాత్రమే ఉంచుకొని, సవరించి, మిగతా చోట్ల సున్నాలు పెడుతుంది. తేడా 48385 గింజలు. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగే ధాన్యమైతే అది కిలోకు కాస్త తక్కువే; కాని మొత్తం రాశి, 75 కిలోల బస్తాల్లో, 4.9 లక్షల కోట్ల బస్తాలు దాటుతుంది.

తెలుగు గణిత కవి పావులూరి మల్లనదిగా చెప్పే ఈ పద్యంలో అంకెలు ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తాయి: మన్మథుని శరాలు 5, శశి 1, షట్కం 6, చంద్రుడు 1. చివరి ‘కుంజర తుహినాంశు’లు దిగ్గజాలతో 8, చంద్రునితో 1, తిప్పి చదివితే మొదటి 18 అదే. ఇరవై అంకెల్లో ఒక్కటీ జారలేదు.

ఇక విశేషం. ప్రతి గడిలోనూ అంతకుముందున్న మొత్తం కన్నా ఒక గింజ ఎక్కువ ఉంటుంది కనుక, మన సంఖ్య 65వ గడి ఉంటే అందులో పడే 2⁶⁴కు ఒకటి తక్కువ. 2⁶⁴ అనేది 2³² వర్గం కాబట్టి, వర్గాల భేద సూత్రంతో మన సంఖ్య 2³²–1, 2³²+1ల లబ్ధం అవుతుంది. మొదటిదాన్ని అదే సూత్రంతో విడదీస్తూ పోతే 3, 5, 17, 257, 65537 వస్తాయి, అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో తరువాతిదైన 4294967297, అంటే పైన రెండోదిగా మిగిలిన 2³²+1, కూడా ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా భావించాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 భాగిస్తుందని చూపాడు.

ఆ భాగహారం చేయకుండానే కారణం చూడవచ్చు, నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది అదే. 641 అంటే 5×128+1, 625+16 కూడా. 5×128 అనేది 641కి ఒకటి తక్కువ కనుక, దాన్ని 641తో భాగిస్తే శేషం –1 అనుకోవచ్చు, దాని నాలుగో ఘాతానికి, అంటే 625×2²⁸కి, శేషం 1. 625 బదులు –16, అంటే –2⁴, పెట్టవచ్చు గనుక 2³²కు శేషం –1, కాబట్టి 2³²+1కి సున్నా. భాగఫలం 6700417, అదీ ప్రధాన సంఖ్యే.

ఒక పూట తీరిక చేసుకొని రెండు జవాబులనూ 641తో భాగించండి: పద్యపు సంఖ్యకు శేషం సున్నా, పట్టిక సంఖ్యకు 310.