పాత రాతి ప్రహరీకి పొట్ట వచ్చింది, సందుల్లో సిమెంటు కూరితే నిలుస్తుందా?

నిలవదండీ. నేను కూరించి చూసినవాణ్ణే.

పైవరస రాళ్లు నాలుగైదు ఊడిపోయాయి, మధ్యలో ఒకచోట గోడ బయటికి ఉబ్బింది, సందుల్లోంచి పొడి రాలుతోంది అన్నారు. పన్నెండేళ్ల కిందట మా గోడదీ అదే అవస్థ. అప్పుడొచ్చిన మేస్త్రి సందులన్నీ గీకి, సిమెంటు మాలు కూరి, మీద నున్నగా గీతలు కొట్టి వెళ్లాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. మూడో వానాకాలానికి రాళ్ల ముఖాలు పెచ్చులు పెచ్చులుగా రాలడం మొదలైంది. సిమెంటు గీతలు మాత్రం చెక్కుచెదరకుండా గట్లలా పొడుచుకొచ్చి నిలబడ్డాయి. పొట్ట ఇంకో రెండంగుళాలు ముందుకొచ్చింది.

పాత గోడలు చాలావరకు సున్నంతోనో మట్టితోనో కట్టినవి. లోపలికి దిగిన తడి ఆ మెత్తటి సందుల్లోంచే ఆరిపోతుంది. సిమెంటు పెడితే ఆ దారి మూసుకుపోయి తడి రాతిలోంచి పోవాల్సి వస్తుంది. నీళ్లతో వచ్చిన ఉప్పు రాతి పైపొర వెనక పలుకు కట్టి ఆ పొరను ఊడదోస్తుంది. ఇసుకరాయి, సున్నపురాయి లాంటివి తొందరగా పాడవుతాయి. గట్టి నల్లరాయైతే పెచ్చులు లేవకపోవచ్చు గానీ, గోడ లోపల నీళ్లు నిలవడం మాత్రం తప్పదు. సందు ఎప్పుడూ రాతికన్నా మెత్తగానే ఉండాలి. అరిగిన సందును మళ్లీ నింపుకోవచ్చు, అరిగిన రాతిని ఏం చేస్తాం?

అందుకే మీరు ముందు రాళ్ల జోలికి పోకండి. ఓ పెద్ద వాన పడేటప్పుడు గొడుగు వేసుకుని గోడ దగ్గర నిలబడి, నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూడండి. మా ఇంట్లో దొంగ మేమే. డాబా మీది నీటి గొట్టం సరిగ్గా పొట్ట వచ్చినచోటికి మూడడుగుల దూరంలో దిగుతోంది. అది చాలనట్టు, మొక్కల కోసమని గోడ మొదట్లో అడుగున్నర ఎత్తు మట్టి పోసుకున్నాం. ప్రహరీ హద్దు కోసం కట్టింది, మట్టిని ఆపడానికి కాదు. తడిసిన మట్టి బరువంతా దానిమీద మోపి, గోడ ఒరిగిందని మేస్త్రిని తిట్టుకున్నాం.

గోడ ఇంకా కదులుతోందా, ఎప్పుడో కదిలి ఆగిపోయిందా అన్నది రెండో సంగతి. పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్కను రెండు కొసల్లో అతికించి, పక్కన తేదీ రాయండి. అది విరిగితే కదులుతున్నట్టే. దాంతోపాటు పైనుంచి తూకం గుండు వదిలి, అడుగడుగుకీ దారానికీ రాతికీ మధ్య ఎంత దూరముందో రాసుకోండి. నేను ఆరు నెలలు చూశాను, ఇంట్లో అందరూ నవ్వారు. గొట్టం తిప్పి, మట్టి తీసేశాక గాజు విరగలేదు. విరిగి ఉంటే పునాది దాకా తవ్వి చూడాల్సి వచ్చేది.

ఉబ్బినచోట మాత్రం విప్పడం తప్పదు. నెట్టి వెనక్కి పంపుదామంటే కుదరదు. రాతి గోడంటే నిజానికి రెండు గోడలు, మధ్యలో చిల్లర రాళ్ల కూరుడు. సున్నం కరిగిపోయాక ఆ చిల్లరంతా కిందికి జారి, పొట్టలో చేరి బిగుసుకుంటుంది. మాది విప్పినప్పుడు చూశాను: పైన మూడు వరసల లోపల చెయ్యి మోచేతి దాకా దూరే బొంద, కింద మాత్రం మట్టీ రాళ్లూ కలిసి ముద్ద. మధ్యలో బొటనవేలు లావున వేరొకటి, చీమల పుట్ట ఒకటి. ఇటు ముఖం నుంచి అటు ముఖం దాకా పట్టి ఉంచే బంధం రాయి ఆరడుగుల పొడవునా ఒక్కటీ లేదు. కట్టినవాళ్లు ఆపాటి పొడుగు రాళ్లు దొరక్క వదిలేసినట్టున్నారు.

విప్పేముందు ఫొటోలు తీసి, ముఖం రాళ్లకు సుద్దతో అంకెలు వెయ్యండి. నిలువునా కోసినట్టు తియ్యకండి, రెండు పక్కలా మెట్లు మెట్లుగా దిగాలి. అప్పుడే కొత్త కట్టుడు పాతదాంట్లో పళ్లలా కూర్చుంటుంది. తీసిన రాళ్లు గోడకు ఎడంగా, సైజులవారీగా పరుచుకోండి. అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గట్టి రాయి 75 కిలోల దాకా తూగుతుంది. మా తమ్ముడు ఒంటిచేత్తో దొర్లించబోయి వేలు నలగ్గొట్టుకున్నాడు. గోరు నల్లబడి ఊడింది.

తిరిగి కట్టేటప్పుడు రాయి పొడవు గోడ లోపలికి పోవాలి. ముఖం పెద్దగా కనబడాలని పలకలా నిలబెడితే అది రాయి కాదు, అలంకారం. కింద రెండు రాళ్ల సందు మీద పైరాయి కూర్చోవాలి. సందు మీద సందు వచ్చిందా, పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. దాదాపు మూడడుగులకొక బంధం రాయి వెయ్యండి, అంత పొడుగుది దొరక్కపోతే రెండు ముఖాల నుంచీ సగానికి పైగా లోపలికి వచ్చే రాళ్లు పక్కపక్కన పెట్టండి. మధ్య కూరుడు పారతో పోసేది కాదు, ఒక్కో చిప్పరాయీ చేత్తో బిగించాలి. విసుగు పుట్టే పని అదే, గోడను నిలబెట్టేదీ అదే.

మాలు ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు గరుకు ఇసుక. తడిలోనూ గట్టిపడాలని కొంచెం ఇటుక పొడి కలిపాం. రాళ్లను ముందు తడపాలి, లేకపోతే మాలులో నీళ్లు పీల్చేస్తాయి. రోజుకు రెండు వరసలకు మించి లేపలేదు. సున్నం గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా బిగుస్తుంది, వారం పాటు తడి గోనె కప్పి ఎండ తగలనివ్వకండి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు మరవద్దు. సున్నం కంట్లో పడితే చూపుకే మోసం.

పైవరస రాళ్లు ఊడాయని తేలిగ్గా చెప్పారు గానీ, నీళ్లు దిగే మొదటి గుమ్మం అదే. పెద్ద, బరువైన రాళ్లు ఏరి అక్కడ పెట్టి, గోడ అంచు దాటి కాస్త బయటికి వచ్చేలా, నీళ్లు జారేలా వాలుగా కూర్చోబెట్టండి.

ఇదంతా నడుము ఎత్తు దాకా అయితే మీరే చేసుకోవచ్చు. అంతకన్నా ఎత్తులో ఉబ్బితే, లేదా అవతల మనుషులు నడిచే దారి ఉంటే, పని తెలిసినవాళ్లను పిలవండి. ముందు పక్కింటివాళ్లతో మాట్లాడి, ఇద్దరూ చూస్తుండగా హద్దు గుర్తులు కొలిచి ఫొటో తీసుకోండి. గోడ విప్పాక హద్దు ఎక్కడుండేదో ఒక్కొక్కరికి ఒక్కోలా గుర్తుంటుంది. వచ్చిన మేస్త్రిని బేరం కన్నా ముందు ఒక్కటడగండి: బంధం రాళ్లు ఎక్కడెక్కడ వేస్తావని. "సిమెంటు ఉండగా అవెందుకు సార్" అంటే టీ ఇచ్చి పంపించెయ్యండి.